పన్నెండు అని రాసేవాళ్ళం

బ్లాకు 81,04,200. వ్యవధి 12. ఎనిమిదో మెరక, సాక్షి గది.

ఈ పుస్తకంలో రోజుకొక వరుస రాస్తే చాలని సంఘం నియమం. బ్లాకు నంబరు, రెండు బ్లాకుల మధ్య వ్యవధి, ఆలస్యమైతే కారణం. బ్లాకు అంటే సముద్రంలో ఎత్తుగా ఉన్న ఇరవైయొక్క మెరకల మిషన్లు కలిసి సంతకం చేసే లెక్కల పేజీ. నాకు ముందు ఈ గది చూసినాయన పదకొండేళ్ళు వ్యవధి గడిలో పన్నెండు అనే రాశాడు. సెకన్లు. కారణం గడి ఖాళీ. నేనూ అంతే. ఎవరూ కొలిచి రాయరు.

నేను ఒక వరుసతో ఆగను. కాగితం ఉంది, మాట్లాడేవాళ్ళు లేరు.

పొద్దున్న సోలార్ పలకల మీద ఉప్పు గీకాను. చలికాలం మంచుతో కలిసి ఉప్పు పెచ్చు కడుతుంది, రేకు ముక్క పెట్టి గీకితే గాని రాదు. గీకిన గంటకే మళ్ళీ తెల్లబడుతుంది. చేతివేళ్ళ చర్మం ఊడిపోయింది. దాని సంగతి ఏ గడిలో రాయాలో నియమాల్లో లేదు.

దిగి వచ్చేసరికి కుళాయి దగ్గర ఎర్రమ్మత్త పట్టుకుంది.

"కొర్లీ, నీ గదిలో ఏటవుతందే? మా ఇంటికి రోజుకి ఐదు బిందెలొచ్చేవి. నాలుగే వస్తన్నాయి."

"నా గదిలో ఏం లేదత్తా. బ్లాకు పడగానే కుండలోకి రెండొందల పది చుక్కలు రాలుతున్నాయి. ఇరవైయొక్క మెరకలు, మెరకకి పది. నేను కళ్ళతో చూస్తన్నాను."

"పది పడితే నాలుగు బిందెలేటి?"

"నీ చుక్కలు కుండలోంచి ఏమైనా తీసీసినావా?"

"తీస్తే తాగడానికి నీళ్ళెలా వస్తాయే, ఎర్రిమొహమా. చుక్కలు కుండలో కట్టీసుంటేనే కదా వాటా."

చుక్క అంటే నీటి బొట్టు కాదు, నీళ్ళ వాటాకి మిషను పుట్టించే నాణెం; కుండ ఆ నాణేల ఉమ్మడి ఖాతా. లెక్క సరిగ్గానే ఉంది. బ్లాకుకి పది. నీళ్ళ రేటు మారలేదు. బిందెలు మాత్రం నాలుగు. కుండ అబద్ధం చెప్పదు, ఎర్రమ్మత్త కూడా చెప్పదు. నాకు నిద్ర వస్తోంది. ఈ మధ్య అందరికీ వస్తోంది. ఉప్పు కాచే కొట్టంలో ఎనిమిది గంటల షిఫ్టు దిగినవాళ్ళు మెట్ల మీదే కూలబడుతున్నారు. పొద్దు పొట్టి అయిపోయింది, వయసు మీద పడింది అని వాళ్ళని వాళ్ళే తిట్టుకుంటున్నారు.

బ్లాకు 81,15,900. వ్యవధి 12.

మా అక్క పేరంటాలు. నేను అప్ప అని పిలుస్తాను. ఉప్పు కొట్టంలో పదహారేళ్ళు ఆవిరి పీల్చింది. ఇప్పుడు ఆక్సిజన్ మిషను గొట్టం ముక్కుకి లేకపోతే నాలుగు మాటలు కూడా పూర్తి చేయలేదు. గొట్టం ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. అందుకని ఇడ్లీలు మానేసి పిండి రుబ్బి అమ్ముతుంది. మెరక మొత్తానికి పిండి ఆమెదే.

ఇవాళ సగం గిన్నె సముద్రంలో పారబోసింది.

"పులిసిపోనాదే. నోట్లో ఎట్టుకోలేం."

"ఎక్కువసేపు ఉంచీసినావు."

"గడియారం సూసే ఉంచినాను. ఎనిమిది గంటలు. మొన్నా అంతే, నిన్నా అంతే. మొన్నా పులుపే, నిన్నా పులుపే." గొట్టం సర్దుకుని ఊపిరి తీసుకుంది. "చలికాలం పిండి నెమ్మదిగా పులవాల కదా. ఇదేటి, ఎండల్లో కన్నా తొందరగా పులుస్తంది?"

నేను పట్టించుకోలేదు. పిండి గురించి ఆలోచించే ఓపిక లేదు. పలకలు ఎక్కి, ఉప్పు గీకి, దిగాను. నిచ్చెన సగంలో ఆగిపోయాను.

మా గడియారాలు బ్లాకుల మీద నడుస్తాయి. మూడొందల బ్లాకులు పడితే ఒక గంట. పొద్దు పొడవగానే అన్నీ ఆరుకి తిరుగుతాయి, తేడా ఏదైనా ఉంటే అక్కడే మాయమైపోతుంది. షిఫ్టు గంట కొట్టేది బ్లాకు. కుండలో చుక్క రాల్చేది బ్లాకు. ఇరవైయొక్క మెరకల్లో బ్లాకు మాట వినని వస్తువు ఒక్కటే ఉంది. అది పిండి.

బ్లాకు 81,21,700. వ్యవధి 15.

కొలిచాను.

గదిలో తడిసి ఆరిన ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం ఒకటి ఉంది. నా చదువు మొత్తం అదీ, మిషను తాలూకు మాన్యువలూ. దాదాపు మీటరు దారానికి బరువు కట్టి వదిలితే ఒక కొస నుంచి ఇంకో కొసకి ఒక సెకను. గేలం దారానికి ఇనప నట్టు కట్టి ద్వారబంధానికి వేలాడదీశాను. పది బ్లాకులు పడేలోపు నూట యాభై ఊపులు. మళ్ళీ లెక్కపెట్టాను. నూట యాభై ఒకటి. మళ్ళీ. నూట యాభై.

తర్వాత మాన్యువల్ తిరగేస్తే తెలిసింది. ప్రతి బ్లాకు మీదా అది పడిన అసలు సమయం ముద్ర వేసే ఉంటుంది. గదికొక చిన్న గడియారపు చిప్పు ఉంది, అది బ్లాకులతో సంబంధం లేకుండా తన మానాన తను నడుస్తుంది. ఇన్నేళ్ళ బ్లాకులన్నిటి మీదా ముద్రలున్నాయి. ఒక్కరూ చదవలేదు. నేను కూడా. వెనక్కి చదువుకుంటూ పోయాను. మూడు నెలల కిందటి వరకు పన్నెండు. తర్వాత పన్నెండున్నర. పదమూడు. పద్నాలుగు. చలి ముదిరాక పదిహేను.

అంటే గంట అంటే గంటంపావు. ఉప్పు కొట్టంలో ఎనిమిది గంటల షిఫ్టు అంటే పది గంటలు, కూలి మాత్రం ఎనిమిదికి. కుండలో బ్లాకుకి పది చుక్కలే, కానీ ఒక పొద్దు తిరిగేలోపు ఏడువేల రెండొందల బ్లాకులకి బదులు ఐదువేల ఏడొందల అరవై. ఐదు బిందెల ఇంటికి నాలుగు. ఎర్రమ్మత్త చెప్పింది నిజం, నేను చెప్పింది కూడా నిజం. దాహానికి బ్లాకులు తెలియవు.

ఎవడో ఆలస్యం చేస్తున్నాడు. ఎవడో తెలిసేదాకా వదలను.

బ్లాకు 81,33,000. వ్యవధి 15.

మా దగ్గర బ్లాకు పడాలంటే ఇరవైయొక్క సాక్షి గదులూ సంతకం చేయాలి. మిగతా లోకంలో ఇలా లేదట, పదిహేను సంతకాలు పడితే ముందుకెళ్ళిపోతారట. మొదట్లో మేమూ అంతే. తుపానులో పదకొండో మెరక తెగిపోయినప్పుడు దాని సంతకాలు పడలేదు, సంతకం లేని మెరకకి చుక్కలు పడలేదు, చుక్కల్లేక నీళ్ళ గొట్టం దానంతటదే మూసుకుంది. పడవలు వెళ్ళేసరికి ఇద్దరు పోయారు. అప్పటి నుంచి సంఘం గోడ మీద రాసుకున్నాం: ఎవర్నీ వదలం. చివరి సంతకం వచ్చేదాకా బ్లాకు ఆగుతుంది.

ఒక్కడు కుంటితే ఇరవైయొక్కరమూ కుంటాలి.

నా తెర ముందు కూర్చుని వెయ్యి బ్లాకులకి ఎవరి సంతకం చివరగా వస్తోందో గీతలు గీశాను. వెయ్యింట ఎనిమిది వందల తొంభైసార్లు పద్నాలుగో మెరక. అక్కడి గది చూసేది తవిటయ్య. మా నాన్న వయసు. మావా అని పిలుస్తాను. పద్నాలుగో మెరక నుంచి పది బారలు ఈదితే ఒకటో మెరక, అక్కడ కర్రి సూరిబాబు బేరాల గది. చుక్కలు కొని ఓడలకి అమ్మేది, కూలి నోట్లు పుచ్చుకుని మాకు అమ్మేది అతనే. బ్లాకులు నెమ్మదిస్తే కొత్త చుక్కలు తక్కువ పుడతాయి. తక్కువ పుడితే ధర పెరుగుతుంది. రెండు నోట్ల చుక్క ఇప్పుడు మూడు నోట్లు. నాలుగు బిందెలతో చాలని వాళ్ళు ఐదో బిందె కోసం పోయేది అతని దగ్గరికే.

సూరిబాబు డబ్బులిచ్చాడు, తవిటయ్య మిషను బిగబట్టాడు. ఇంతకంటే స్పష్టంగా ఏం కావాలి?

ఫిర్యాదు రాశాను. ఫిర్యాదుకి మూడు గదుల సంతకాలు కావాలి. ఒకటి నాది, ఒకటి తొమ్మిదో మెరకది. మూడోది సూరిబాబు మెరక నుంచి వచ్చింది. అప్పుడైనా నాకు బుర్ర పనిచేయాల్సింది.

బ్లాకు 81,38,900. వ్యవధి 15.

సంఘం కూర్చుంది. తవిటయ్య మావ మడత నలగని చొక్కా వేసుకుని వచ్చాడు.

"నా గదిలో ఏటీ నేదు. నేను పొద్దున్నే తుడుస్తాను, సాయంత్రం తుడుస్తాను. నా మిషను మంచిది."

"గీతలు చూడు మావా. తొమ్మిదొందలు."

"నీ గీతలు నాకేటి తెలుస్తాయి తల్లీ. నేను తుడుస్తాను."

సగం చుక్కలు కోశారు. మిగతా సగానికి తాళం వేశారు, సంఘంలో చెయ్యెత్తే హక్కుకి కూడా. యాభై వేల బ్లాకులు. తాళం ఒకసారి పడితే అన్ని బ్లాకులూ పడేదాకా తీయడానికి ఎవరి చేతా కాదు, అది మిషన్లని నడిపే రాతలోనే అలా ఉంది. ఆయన గది చూసుకోవడం ఫిర్యాదు చేసిన నా మీదే పెట్టారు. మా గదిలో మిషను సంతకం దానంతటదే పడుతుంది, తుడవడానికి ఎర్రమ్మత్తని ఒప్పించాను.

సంతోషం వస్తుందనుకున్నాను. ఏమీ రాలేదు. పడవెక్కి ఇంటికొచ్చాను.

బ్లాకు 81,45,100. వ్యవధి 15.4.

పద్నాలుగో మెరక. తవిటయ్య గది.

గది అద్దంలా ఉంది. ఫ్యాను రెక్క మీద వేలు పెట్టి రాస్తే వేలికి ఏమీ అంటలేదు. మిషను చల్లగా ఉంది.

తెర ముందు కూర్చున్నాను. సంతకాలు పడుతున్నాయి. పద్నాలుగు, ఒకటి, మూడు, పదకొండు. ఇరవై వచ్చేశాయి. ఇంకొకటి రాలేదు. నాలుగో సెకను దగ్గరికి వస్తుండగా అది వచ్చింది. ఎనిమిది.

తర్వాతి బ్లాకు. ఎనిమిది.

రెండొందల బ్లాకులు చూశాను. రెండొందలకి రెండొందలు, ఎనిమిదే చివర.

నా గదిలో కూర్చుని కొలిస్తే నా సంతకం ఎప్పుడూ మొదటిదే. ఎందుకంటే అది అక్కడే పుడుతుంది, మిషను తన సంతకం అయ్యాకే మిగతా వాళ్ళవి తెర మీద పెడుతుంది. అందరికంటే దూరాన ఉన్నది పద్నాలుగు కాబట్టి అది చివర కనబడుతుంది. ఎనిమిదో తరగతి పుస్తకంలో ఇది లేదు. ఉండక్కర్లేదు కూడా. బస్సులో కూర్చున్నవాడికి కదిలేది తను కాదు, చెట్లే అనిపిస్తుంది.

పడవ తెచ్చుకుని వెనక్కొచ్చాను. నా మిషను మీద చెయ్యి పెట్టలేకపోయాను, అంత వేడి. ఫ్యాను బతకలేక చావలేక తిరుగుతోంది. బ్యాటరీ నుంచి ఫ్యానుకి వెళ్ళే తీగ పక్కనే ఇంకో తీగ. నల్లది. కిటికీలోంచి బయటికి, వంతెన కింద నుంచి, మా ఇంటికి. అప్ప ఆక్సిజన్ మిషనుకి.

అది దొంగతీగ కాదు. ఎండాకాలంలో మెరక మొత్తం కలిసి లాగాం. ఎర్రమ్మత్త మేకులు కొట్టింది. ఎండల్లో పలకలు నిండుగా కరెంటిచ్చేవి, ఇద్దరికీ సరిపోయేది. మంచు మొదలయ్యాక చాలలేదు. ఫ్యాను నీరసపడింది, మిషను వేడెక్కింది, వేడెక్కినది కాలిపోకుండా తనకు తానే నెమ్మదించింది. తీగ సంగతి అందరికీ తెలుసు. సెకన్ల సంగతి ఎవరికీ తెలియదు. కొత్త బ్యాటరీ కొనాలంటే నా చుక్కలన్నీ అమ్మినా సగం రాదు.

నట్టు ఇంకా గుమ్మానికి వేలాడుతోంది. దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో కొలవలేదు.

బ్లాకు 81,45,900. వ్యవధి 15.4.

సూరిబాబు వచ్చాడు. ఒక్కడే, తెల్ల చెప్పులు చేత్తో పట్టుకుని వంతెన దాటాడు.

"మా పక్క పద్నాలుగో మెరక గదిలో చాలాసేపు కూర్చున్నావట కదమ్మా. చూసేశావా?"

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"ముద్రలు నేను మొదటి నుంచీ చదువుతాను. పన్నెండున్నర అయిన రోజే కొనడం మొదలుపెట్టాను." గదంతా కలయజూశాడు. "నీకు తెలియకుండానే మూడు నెలలుగా నా దగ్గర పని చేస్తున్నావు. మంచి పనిమంతురాలివి. సెలవు కూడా పెట్టలేదు."

"తవిటయ్య కాదని తెలిసే సంతకం చేయించావా?"

"అడిగింది నువ్వు. నేను సాయం చేశాను." నల్ల తీగని చెప్పు కొసతో చూపించాడు. "చూడమ్మా, నువ్వు నోరు తెరిస్తే అబద్ధపు ఫిర్యాదు కింద నీ చుక్కలు పోతాయి. ఈ తీగ కోస్తారు. ఆమె ఎన్ని రోజులుంటుంది? నోరు తెరవకపోతే తీగ ఉంటుంది. ఎండలొస్తే నేనే బ్యాటరీ కొనిపెడతాను."

"ఎండలొచ్చాక బ్యాటరీ ఎందుకు?"

నవ్వాడు. మంచి పళ్ళు. నీళ్ళు బాగా తాగేవాళ్ళ పళ్ళు.

కొడదామనుకున్నాను. చెయ్యి లేవలేదు. కోపం ఎక్కడో ఉంది, పక్కింట్లో మోగుతున్న రేడియోలాగా. వినబడుతోంది గానీ నాది కాదు.

బ్లాకు 81,50,600. వ్యవధి 15.3.

ముందు అప్పకి చెప్పాను. తీగ, ఫ్యాను, సెకన్లు, బిందెలు. అన్నీ విని పిండి గిన్నె మూత తీసి వాసన చూసి మళ్ళీ మూసింది.

"అయితే పిండి మంచిదే. నాదే తప్పు."

"నీ తప్పు కాదు."

"మరెవరిది? ఊపిరి పీలుస్తన్నది నేనే కదా." ముక్కు గొట్టం మీద వేలు పెట్టింది. "తీసీమంటావేటి?"

"అనను."

"మరేటి చేస్తావు?"

"తెలీదు."

"తవిటయ్యకి చెప్పినావా?"

"లేదు."

"ముందు అది చెయ్యి. తీగ సంగతి తర్వాత."

వెళ్ళాను. తవిటయ్య మావ వాకిట్లో వల బాగుచేస్తున్నాడు. పక్కన మూడు బిందెలు, ఒకటి ఖాళీ. చెప్పాను. నిలబడే చెప్పాను. ఆయన తలెత్తలేదు.

"నా కోడలు నాతో మాటాడ్డం మానేసింది. పిల్లకి రోజూ తానం నేదు."

"తెలుసు మావా."

"నీకేటి తెలుసు. నువ్వు గీతలు గీసినావు." వల ముడి పళ్ళతో బిగించాడు. "నేను సంఘంలో సెప్పను. నేను సెప్తే కక్ష అంతారు. నువ్వే సెప్పాల. నాకు మావా అనకు, ఇప్పుడు కాదు."

బ్లాకు 81,56,300. వ్యవధి 15.4.

సంఘంలో చెప్పాను. సంఘం పెద్ద నీలవేణమ్మ రెండుసార్లు చెప్పించుకుంది, రాసేవాళ్ళు రాసుకున్నారు. అబద్ధపు ఫిర్యాదుకి నా సగం చుక్కలు పోయాయి. తవిటయ్య నుంచి కోసింది తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నారు, ఆయన తాళం మాత్రం ఎవరూ తీయలేరు. నాకూ తాళం పడింది. యాభై వేల బ్లాకులు, 82,06,300 దాకా. నేను చెయ్యెత్తకూడదు.

తర్వాత తీగ మాట వచ్చింది. నేను ఎదురుచూసిన మాట. కోయండి అని ఎవరో వెనక నుంచి అన్నారు.

సూరిబాబు లేచాడు.

"ఆ గోడ మీద ఏం రాసుకున్నాం? ఎవర్నీ వదలం అని కదా. ఒక ఆడకూతురి ఊపిరి కోసం మూడు సెకన్లు ఆగలేమా? అంత రాయిలా అయిపోయామా? నా మాట రాసుకోండి. ఆ తీగ ఎవరూ ముట్టుకోవద్దు. ఏదీ మార్చొద్దు. ఎలా ఉన్నది అలా ఉండనివ్వండి." గొంతు వణికింది కూడా. ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

మా అప్ప ఊపిరి కోసం మాట్లాడింది ఆ హాలు మొత్తంలో అతనొక్కడే. అతనికి ఎదురు చెప్పాల్సింది నేను.

"తీగ ఉంచమన్నాడు, బాగుంది," అన్నాను. "ఏదీ మార్చొద్దన్నాడు. అది దేనికో అడగండి. కుండ రాతలో ఒక వరుస ఉంది. బ్లాకుకి రెండొందల పది అని. బ్లాకు ఎందుకు? సెకనుకి పదిహేడున్నర అని రాయండి. పన్నెండు సెకన్లకి అదే రెండొందల పది. బ్లాకు మీద ముద్ర ఉంది, ఎన్ని సెకన్లు గడిచాయో అదే చెబుతుంది. పదిహేను సెకన్లకి బ్లాకు పడితే పదిహేను సెకన్ల చుక్కలు రాలతాయి. ఇరవై పడితే ఇరవై. ఎర్రమ్మత్తకి ఐదు బిందెలు వస్తాయి. ఉప్పు కొట్టం గంట కూడా సెకన్ల మీద పెట్టండి. అప్పుడు నా గది ఎంత నెమ్మదిగా ఉన్నా దాహం వేసేది ఎవరికీ కాదు."

"అంత సులువైతే ముందెందుకు చెయ్యలేదు?" అంది నీలవేణమ్మ.

"పన్నెండు అని రాసుకుంటూ కూర్చున్నాం కదా."

చేతులెత్తమన్నారు. పదిహేను కావాలి. పదమూడు లేచాయి. సూరిబాబు మెరకా, అతనికి అప్పున్న ఐదు మెరకలూ లేవలేదు. తక్కువైన రెండు చేతులు ఒకటి తవిటయ్యది, రెండోది నాది. ఒక తాళం నేను వేయించింది, ఇంకోటి నేను సంపాదించుకున్నది.

నా తాళం తీరాక మళ్ళీ చేతులెత్తాలని, అప్పటిదాకా తీగ జోలికి పోవద్దని రాసుకున్నారు. తాళం బ్లాకుల లెక్కే. పన్నెండు సెకన్లయితే ఏడు రోజులు. పదిహేనున్నర అయితే తొమ్మిది. తొమ్మిది రోజులు నాలుగు బిందెలు.

బ్లాకు 81,62,000. వ్యవధి పగలు 12.6, మిగతా 15.5.

అప్ప పద్ధతి పెట్టింది. పగలు మెరకలోని ఇళ్ళ పలకల నుంచి ఆమె మిషను నడవాలి, ఇంటికి గంట చొప్పున. ఎర్రమ్మత్త పొడుగు వైరు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిప్పుతోంది. పొద్దు వాలాక మళ్ళీ నల్ల తీగ.

"ముందే అడగొచ్చు కదే," అంది ఎర్రమ్మత్త.

"గది అందరిదీ కదా అనుకున్నాం."

"అందరిదీ అంటే ఎవరిదీ కాదనుకున్నారు."

గంట ఎలా కొలవాలని అడిగారు. గుమ్మానికి ఉన్న నట్టు విప్పి ఇచ్చాను.

బ్లాకు 81,79,000. వ్యవధి 19.

మూడో రోజు మబ్బు. ఇళ్ళ పలకల్లో ఏమీ లేదు. మధ్యాహ్నానికే అప్పని నల్ల తీగ మీదికి మార్చాం. బ్యాటరీ గీత అడుగుకి దిగింది. మిషను పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. ఫ్యాను ఆగిపోయింది.

తడిగోనె కప్పి, పిండి చెరిగే చేటతో విసిరాను. భుజం తిమ్మిరెక్కి తర్వాత అసలు ఉన్నట్టే తెలియలేదు. వంతెన అవతల నుంచి అప్ప అరిచింది.

"ఒలే, అరగంట తీసీ. నాకేటీ అవదు."

"మాట్లాడకు. మాటలకి కూడా ఊపిరి కావాల."

తలుపు దగ్గర చప్పుడైతే చూశాను. తవిటయ్య. భుజం మీద తన గది విడి బ్యాటరీ, చిన్నది. నా వైపు చూడకుండా తగిలించాడు. ఫ్యాను కదిలింది. చేట నా చేతిలోంచి లాక్కుని ఆయన విసిరాడు.

"నీ కోసం కాదు," అన్నాడు చివరికి. "నా చుక్కలు తాళంలో ఉన్నాయి. బ్లాకులు నెమ్మదిగా పడితే నా తాళం నెమ్మదిగా ఇప్పుతాది."

"తెలుసు."

"ఫ్యాను రెక్కకి ఉప్పు సూడు. ఇలగేనా తుడవడం?"

చీకటి పడేదాకా నాకు తుడవడం నేర్పించాడు.

బ్లాకు 82,06,340. వ్యవధి 15.6.

నా తాళం నలభై బ్లాకుల కిందట విడింది. సంఘం హాల్లోనే ఉన్నాను. పదమూడు చేతులు లేచాయి. తవిటయ్య లేపాడు. నేను లేపాను.

పదిహేను.

ఒక వరుస మారింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దాహంగా ఉంది అందరికీ.

బ్లాకు 82,41,000.

ఎర్రమ్మత్త ఐదో బిందె మా గుమ్మంలో పెట్టి, చూశావా అన్నట్టు నిలబడి, తనే మళ్ళీ ఎత్తుకుపోయింది. ఉప్పు కొట్టంలో ఎనిమిది గంటలకే గంట కొడుతున్నారు. ముందుగా ఇంటికొచ్చిన వాళ్ళకి ఏం చేయాలో తెలియక మెట్ల మీద కూర్చుంటున్నారు. చుక్క మళ్ళీ రెండు నోట్లు.

నా చుక్కలు సగమే. అవి పెరగడానికి రెండేళ్ళు పడుతుంది. సెకన్ల లెక్కన అయినా రెండేళ్ళే.

ఇవాళ సూరిబాబు సంఘానికి అర్జీ పెట్టాడు. నీలవేణమ్మ పైకి చదివింది. బేరం చెప్పిన ధరకీ, పదహారు సెకన్ల తర్వాత బ్లాకు పడి బేరం తెగే ధరకీ తేడా వస్తోందట. ఓడలవాళ్ళు ఆ సందులో తనని ముంచేస్తున్నారట. ఆలస్యానికి కారణమైన ఎనిమిదో మెరక తీగని వెంటనే తొలగించాలని కోరిక.

నీలవేణమ్మ అర్జీ మడిచింది. పాత మినిట్సు పుస్తకం తీయించి, పదిహేను రోజుల కిందటి పేజీ చదవమంది. రాసేవాడు గొంతు సవరించుకుని చదివాడు. 'ఆ తీగ ఎవరూ ముట్టుకోవద్దు. ఏదీ మార్చొద్దు. ఎలా ఉన్నది అలా ఉండనివ్వండి. కర్రి సూరిబాబు, ఒకటో మెరక.'

"సంతకం మీదేనా బాబూ?" అని అడిగింది.

తవిటయ్య ఒక్కడే నవ్వాడు. నోరు మూసుకుని, భుజాలతో. బయటికి వస్తూ నా పక్కగా నడిచాడు. ఇంకా మావా అనమనలేదు. నేను అనలేదు.

ఇంటికొచ్చాను. నట్టు ఇప్పుడు అప్ప గుమ్మానికి వేలాడుతోంది, ఆమె దాన్ని చూసే పిండి మూత తీస్తుంది. ఒక చుక్క నాలుక మీద వేసుకుని, బాగుందని కూడా అనకుండా, గిన్నెలు నింపడం మొదలుపెట్టింది. మిషను చప్పుడు వినబడుతోంది.

పలకలు గీకాను. ఫ్యాను రెక్కలు తుడిచాను, ఆయన చెప్పినట్టు లోపలి నుంచి బయటికి. తర్వాత ముద్రలు చూసి, కొలిచి, రెండు గడులూ నింపాను.

వ్యవధి: 15.7.

కారణం: మా అప్ప ఊపిరి పీలుస్తోంది.